కిరోసిన్ బాయిలర్ డయల్ ఎంత మీద పెట్టాలి? 900 లీటర్లు క్రిస్మస్‌కి ముందే అయిపోయాయి

సుజాత_లిస్‌బర్న్:

అందరికీ నమస్కారం. మేం ఆగస్టులో హైదరాబాద్ నుంచి నార్తర్న్ ఐర్లండ్ వచ్చాం. లిస్‌బర్న్‌లో మూడు బెడ్‌రూముల సెమీ డిటాచ్డ్ ఇల్లు అద్దెకి తీసుకున్నాం. మా వీధిలో గ్యాస్ లైన్ లేదు. పెరట్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు, దాని పక్కనే తెల్ల రేకు డబ్బాలో బాయిలర్. ఏ కిరసనాయిలు కోసం మన ఊళ్ళో రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని నిలబడ్డామో, దాన్ని ఇక్కడ ట్యాంకర్ ఇంటికే తెచ్చి పోస్తుందంటే మా అత్తగారు నమ్మలేదు.

నవంబర్ మొదట్లో 900 లీటర్లు పోయించాం. చలికాలంలో చాలా భాగం వచ్చేస్తుందని ఓనర్ అన్నారు. క్రిస్మస్‌కి ముందే గేజి అడుక్కి దిగింది. ఇలా అయితే మార్చి దాకా ఎలా గడుస్తుందో అని టెన్షన్‌గా ఉంది.

మా సెట్టింగులు ఇవీ: బాయిలర్ మీద డయల్ 50 నుంచి 80 దాకా ఉంది, చివరికంటా 80కి తిప్పి ఉంది. మేం వచ్చినప్పుడే అలా ఉంది, ముట్టుకోలేదు. హాల్లో వీధి తలుపు పక్కన థర్మోస్టాట్, 23 మీద ఉంది. అత్తగారు తెల్లవారుజామున ఐదింటికే లేచి స్నానం చేస్తారు, పైగా ఆవిడకి చలి ఎక్కువ. అందుకని టైమర్ వాడకుండా 24 గంటలూ ఆన్‌లోనే వదిలేశాం.

డయల్ తగ్గిస్తే ఆయిల్ మిగులుతుందని మావారి ఆఫీసులో ఒకాయన చెప్పారు. తగ్గిస్తే ఇల్లు వేడెక్కడానికి ఇంకా ఎక్కువసేపు మండి రెట్టింపు తాగుతుందని పక్కింటావిడ అంటోంది. ఎవరి మాట వినాలి? రాత్రి పూర్తిగా ఆపేయాలా, తగ్గించి ఉంచాలా?

డెర్రీ_కుర్రాడు:

అక్కా, డయల్ 50కి తిప్పేయండి. కండెన్సింగ్ బాయిలర్‌కి (పొగలో పోయే వేడిని కూడా పట్టుకునే రకం) నీళ్ళ వేడి ఎంత తక్కువ ఉంటే అంత ఆదా అని వీడియోల్లో అందరూ అదే చెప్తున్నారు. కరెంటు హీటర్లు మాత్రం కొనకండి. మా రూమ్మేట్ కొన్నాడు, ఇప్పుడు కీప్యాడ్ మీటర్‌కి (ముందే డబ్బు కట్టే కరెంటు మీటర్) టాపప్ చేయడమే వాడి పని.

పోర్టడౌన్_మూర్తి:

50కి తిప్పకండి. ఆ వీడియోలు గ్యాస్ బాయిలర్ల గురించి. వాటిలో చాలావాటికి మంటని సన్నగా, పెద్దగా చేసుకునే వీలుంది. మన ఇళ్ళలో ఉండే ఆయిల్ బర్నర్లలో దాదాపు అన్నీ మండితే పూర్తిగా మండుతాయి, లేకపోతే ఆరిపోతాయి. మధ్యలో ఏమీ లేదు. తేడా అంతా ఇక్కడే వస్తుంది.

నేను ఒక ఫుడ్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను, రోజూ బాయిలర్లతోనే గొడవ. ఇంట్లోనూ ఆయిలే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ 900 లీటర్ల లెక్క చూద్దాం. ఆ సైజు ఇంటికి బాయిలర్ మామూలుగా 20 కిలోవాట్ల అటూ ఇటూ ఉంటుంది. లీటరు కిరోసిన్‌లో పది యూనిట్ల పైచిలుకు వేడి ఉంటుంది. అందులో పదోవంతు పొగగొట్టంలో పోయిందనుకుంటే, బర్నర్ మండినంతసేపూ గంటకి రెండు లీటర్ల పైన తాగుతుంది. అంటే మీ ట్యాంకు సుమారు 420 గంటల మంటకి సరిపోతుంది. ఏడు వారాలకి పంచితే రోజుకి తొమ్మిది గంటలకి కాస్త తక్కువ పడుతుంది. 23 మీద రాత్రీ పగలూ వదిలేసిన ఇంటికి అది వింతేమీ కాదు. ట్యాంకు దగ్గర వాసన రాకుండా, కింద తడి లేకుండా ఉంటే కారుతోందని అనుమానించక్కర్లేదు.

అందుకే డయల్ కంటే ముందు థర్మోస్టాట్ సంగతి చూడండి. బయట 5 ఉన్నప్పుడు ఇంట్లో 23 అంటే 18 డిగ్రీల తేడా నిలబెట్టాలి. అదే 20 అయితే 15. ఇల్లు బయటికి పోగొట్టుకునే వేడి ఈ తేడాని బట్టే ఉంటుంది కాబట్టి ఆరోవంతు ఆయిల్ అక్కడే మిగులుతుంది. డయల్‌తో ఎన్ని తిప్పలు పడ్డా ఇంత రాదు. పెద్దావిడ ఉన్నారు కాబట్టి 20 కంటే తగ్గించమని నేను చెప్పను. థర్మోస్టాట్ వీధి తలుపు పక్కన ఉండటం కూడా మీకు నష్టమే. తలుపు తీసిన ప్రతిసారీ చల్లగాలి దానికే ముందు తగులుతుంది, ఇల్లంతా వెచ్చగా ఉన్నా బాయిలర్ మండుతుంది. తలుపుకి మందపాటి కర్టెన్ వేయండి, తలుపు అడుగున సందుకి బ్రష్ పట్టీ కొట్టించండి.

రాత్రి ఆపితే పొద్దున మళ్ళీ వేడెక్కించడానికి ఎక్కువ అవుతుందన్నది నిజం కాదు. చల్లబడుతున్న ఇల్లు గంటగంటకీ తక్కువ వేడే పోగొట్టుకుంటుంది, కాబట్టి ఆపినంతసేపూ మిగులే. అయితే మీ ఇంట్లో పూర్తిగా ఆపకండి. థర్మోస్టాట్‌కి రోజులో వేర్వేరు వేళలకి వేర్వేరు అంకెలు పెట్టే వీలుంటే రాత్రికి 17 పెట్టండి. లేకపోతే టైమర్‌ని పడుకునే ముందు దాకా, మళ్ళీ నాలుగున్నర నుంచి పెట్టుకోండి.

ఇక డయల్. గది ఎంత వెచ్చగా ఉండాలన్నది థర్మోస్టాట్ చూసుకుంటుంది. రేడియేటర్లలోకి వెళ్ళే నీళ్ళు ఎంత వేడిగా ఉండాలన్నదే డయల్ పని. మీది కండెన్సింగ్ అవునో కాదో ముందు తెలుసుకోండి. బాయిలర్ అడుగు నుంచి సన్నటి ప్లాస్టిక్ పైపు డ్రెయిన్‌లోకి పోతుంటే, చలి పొద్దున పొగగొట్టం దగ్గర తెల్లటి ఆవిరి మెల్లగా వస్తుంటే కండెన్సింగే. ఆ పొగలో ఉన్న నీటి ఆవిరి లోపలే నీరుగా మారితే దాని వేడి కూడా మనకి దక్కుతుంది. కానీ కిరోసిన్ పొగ అలా మారాలంటే రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్ళు 50కి కాస్త దిగువన ఉండాలి. గ్యాస్‌కి ఈ గీత 55 దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ పని సులువు. డయల్ 80లో పెడితే తిరిగొచ్చే నీళ్ళు 60 పైనే ఉంటాయి. కొన్నది కండెన్సింగ్ బాయిలర్, పని చేసేది పాత బాయిలర్ లాగా.

అలాగని 50కి తిప్పితే ఏమవుతుంది? రేడియేటర్ నీళ్ళ సగటు వేడి 70 ఉన్నప్పుడు ఎంత వేడి ఇస్తుందో, 50 ఉంటే దాదాపు అందులో సగమే ఇస్తుంది. బర్నర్ మాత్రం తన 20 కిలోవాట్లూ ఇస్తూనే ఉంటుంది. ఆ వేడి రేడియేటర్లు తీసుకోలేవు, నీళ్ళు నిమిషాల్లో 50కి చేరతాయి, బర్నర్ ఆరిపోతుంది, కాసేపటికి మళ్ళీ అంటుకుంటుంది. అంటుకున్న ప్రతిసారీ మొదటి క్షణాల్లో మంట సరిగా ఉండదు, మసి పడుతుంది. గడ్డకట్టే రోజుల్లో గదులు 20కి చేరనే చేరవు. మా ఇంట్లో 65 దగ్గర పెడతాను, బాగా మంచు పట్టిన వారం 70.

మీది పాత రకం, కండెన్సింగ్ కానిదైతే 65కి తక్కువ వద్దు. లోపల ఆమ్లం నీరు పట్టి ఇనుము తినేస్తుంది.

వేడినీళ్ళ సిలిండర్ గురించి కూడా చెప్పాలి. నిలవ ఉన్న నీళ్ళలో లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా సిలిండర్ 60కి చేరాలి. డయల్ 60 దగ్గర గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే అది చేరదు. 50 వద్దనడానికి ఇది ఒక్కటే చాలు, మిగతాదంతా పక్కన పెట్టినా.

చివరగా సర్వీసు. మన పంపు స్టవ్ నాజిల్‌లో మసి చేరితే మంట పచ్చగా ఎగిరి గిన్నెలన్నీ నల్లబడేవి, పిన్నుతో పొడిచేవాళ్ళం. ఈ నాజిల్‌ది కూడా అదే జబ్బు, కానీ పిన్ను పెట్టకూడదు. ఏడాదికోసారి కొత్తది వేసి, పంపు ప్రెషర్, గాలి సర్ది, పొగలో ఏముందో మీటర్ పెట్టి చూడాలి. అది ఆఫ్‌టెక్ (ఆయిల్ బాయిలర్ టెక్నీషియన్లని నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న టెక్నీషియన్ పని. రోజూ బాయిలర్ల మధ్య తిరిగే నేను కూడా ఇంట్లో బర్నర్‌కి చెయ్యి పెట్టను. బాయిలర్ మీద పాత సర్వీసు చీటీ అతికించి ఉంటే తేదీ చూసి ఓనర్‌ని అడగండి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ రోజే కొనండి.

నీలిమ_బాంగర్:

మూర్తి గారు అంతా చెప్పారు, ఇంట్లో ఉండేవాళ్ళకి తెలిసే సంగతులు నేను కలుపుతాను.

సుజాత గారూ, మేడ మీద సిలిండర్ ఉన్న అల్మారాని ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు. అందులో సిలిండర్ పక్కన ఇమ్మర్షన్ (సిలిండర్‌లో నీళ్ళు కాచే కరెంటు హీటర్) స్విచ్ ఉంటుంది, దాని మీద సింక్ (కొన్ని నీళ్ళకి), బాత్ (సిలిండర్ మొత్తానికి) అని రెండు. అత్తగారి ఐదింటి స్నానానికి ఇల్లంతా వేడెక్కించక్కర్లేదు. టైమర్‌లో వేడినీళ్ళకి విడిగా స్విచ్ ఉంటే నాలుగున్నరకి అది ఒక్కటే పెట్టండి, రేడియేటర్లు ఆరింటికి. ఇమ్మర్షన్ మాత్రం ఆయిల్ అయిపోయిన రోజుకే ఉంచుకోండి, కరెంటు మండిపోతుంది.

సిలిండర్‌కి జాకెట్ లేకపోతే తొడగండి. నాకైతే దానివల్ల ఒక ఇబ్బంది వచ్చింది. ఇన్నాళ్ళూ ఇడ్లీ పిండి, పెరుగు హాట్ ప్రెస్‌లోనే పెట్టేదాన్ని, జాకెట్ వేశాక పిండి పొంగడం మానేసింది. ఇప్పుడు పైపు బయటికి వచ్చే చోట పై అరలో పెడుతున్నా, అక్కడ పర్లేదు.

రేడియేటర్ల పక్కన అంకెలున్న నాబ్‌లు ఉన్నాయా? వాడని గదిలో 1 లేదా 2లో పెట్టండి, పూర్తిగా మూయకండి. మేం బాక్స్ రూం మూసేసి బట్టలు అందులో ఆరేశాం, ఫిబ్రవరికి గోడంతా నల్లబూజు. థర్మోస్టాట్ ఉన్న హాల్లో నాబ్ మాత్రం పూర్తిగా తెరిచి ఉంచండి, లేకపోతే హాలు వేడెక్కదు, బాయిలర్ ఆగదు.

సుజాత_లిస్‌బర్న్:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ప్లాస్టిక్ పైపు ఉంది, కాబట్టి కండెన్సింగే. డయల్ 65, థర్మోస్టాట్ 20 పెట్టాం. మొదటి రెండు రోజులు అత్తగారు శాలువా కప్పుకుని అందరికీ వినపడేలా నిట్టూర్చారు. ఇప్పుడు ఆవిడ కూర్చునే గదిలో నాబ్ 4లో పెట్టి తలుపు వేసి ఉంచుతున్నాం, కాస్త శాంతించారు. సర్వీసు చీటీ మీద తేదీ రెండేళ్ళ కిందటిది! ఓనర్‌కి ఫోటో పంపాం, వచ్చే వారం మనిషిని పంపుతామన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. ట్యాంకులో అడుగున కొంచెమే ఉంది. సర్వీసు అయ్యాక పోయించాలా, ముందే పోయించాలా? ఎన్ని లీటర్లు? ఇంకోటి, మొన్న ఎర్ర లైటు వెలిగి బాయిలర్ ఆగిపోతే మావారు బటన్ నొక్కారు, మళ్ళీ అంటుకుంది. అది మామూలేనా?

పోర్టడౌన్_మూర్తి:

ముందే పోయించండి. అడుక్కి దిగితే నీరు, మడ్డి పైపులోకి వస్తాయి, పూర్తిగా ఖాళీ అయితే గాలి పట్టి టెక్నీషియన్ వచ్చి గాలి తీస్తే తప్ప అంటుకోదు. ఎర్ర లైటుకి కారణం ఇదే అయ్యుండొచ్చు, లేదా రెండేళ్ళ నాజిల్. బటన్ ఒకసారి నొక్కడం తప్పు కాదు. అంటుకోకపోతే మళ్ళీ మళ్ళీ నొక్కకండి. నొక్కిన ప్రతిసారీ మండని ఆయిల్ లోపల చేరుతుంది, చివరికి ఒక్కసారిగా అంటుకుంటే ప్రమాదం. వచ్చే టెక్నీషియన్‌కి ఎర్ర లైటు సంగతి తప్పకుండా చెప్పండి, ట్యాంకు దగ్గర ఫిల్టర్ కూడా చూడమనండి.

చేతిలో డబ్బు ఉంటే 900, లేకపోతే 500. 300 అయితే లీటరు ధర ఎక్కువ పడుతుంది. కన్స్యూమర్ కౌన్సిల్ (ఇక్కడి వినియోగదారుల సంస్థ) వాళ్ళు వారం వారం 300, 500, 900 లీటర్ల సగటు ధరలు వెబ్‌సైట్‌లో పెడతారు, అది చూసుకుని కనీసం ముగ్గురికి ఫోన్ చేయండి. ఇళ్ళకి పోసే ఆయిల్ మీద వ్యాట్ 5 శాతమే, ఎవరైనా 20 వేస్తే అడగండి. వీధిలో మరో రెండిళ్ళతో కలిసి ఒకే రోజు ఆర్డర్ ఇస్తే కొందరు తగ్గిస్తారు, మీ పక్కింటావిడని కదిపి చూడండి.

ట్యాంకర్ వచ్చే ముందు బాయిలర్ ఆపండి. పోశాక ఒక గంట, వీలైతే రెండు గంటలు ఆగి వేయండి, కదిలిన మడ్డి అడుక్కి దిగాలి. గేజి దగ్గర తేదీ, లీటర్లు రాసిపెట్టుకోండి, ఫిబ్రవరి చివర్లో ఇక్కడ చెప్తే 65 నుంచి ఇంకా దించొచ్చో లేదో చూద్దాం.