సమస్యాపూరణం: లోహమందె పుట్టె సాహసంబు

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. 'మెటిల్' (గుండెదిటవు, సత్తా) అనే ఇంగ్లీషు మాట స్ఫురిస్తే మరీ సంతోషం. ఇక్కడ ఉన్నది ప్రాసయతి, అంటే యతికి బదులు రెండో అక్షరాలు కలవడం (లోహ – సాహ), గమనించండి.

పద్యపిపాసి:
కత్తి పట్టినంతఁ గదన రంగమునందు
పిరికివాఁడు కూడ వీరుఁ డగును
చేత నున్న యినుము చేవ నిచ్చును గాన
లోహమందె పుట్టె సాహసంబు

నిర్వాహకుడు: ధార బాగుంది, గణాలూ యతులూ సరిపోయాయి. కానీ కత్తి ఇచ్చిన ధైర్యం కత్తి జారిపోగానే పోతుంది కదా! మెటిల్ చేతిలో ఉండేది కాదు, మనిషి తయారైన సరుకు. మామూలు రోజుల్లో బయటపడదు, కష్టం వస్తేనే తెలుస్తుంది. అందుకే 'టెస్ట్' అనే క్రియ దానికి అంతగా అతుక్కుంది. 'షో యువర్ మెటిల్' అంటే నీ సత్తా చూపించు అని. 'ఆన్ యువర్ మెటిల్' అంటే శక్తినంతా కూడగట్టుకొని సిద్ధంగా ఉండటం. హుషారైన గుర్రాన్ని 'మెటిల్‌సమ్' అంటారు.

తేటగీతి (ఇది కలంపేరు):
మెటలు మెటిలు నొకటె మేలైన యాంగ్లాన
మొదటి నాఁట; వ్రాఁత పిదప మారె;
గుండెలోని గట్టిగుణమునకుం బేరు
లోహమందె పుట్టె సాహసంబు

నిర్వాహకుడు: నేను కోరింది ఇదే. రెండూ ఒకే మాట. షేక్‌స్పియర్ కాలంలో ఏ స్పెల్లింగునైనా ఏ అర్థానికైనా రాసేవారు, 18వ శతాబ్దంలో దారులు వేరయ్యాయి. పలకడం మాత్రం ఇప్పటికీ దాదాపు ఒకటే. పద్యంలో 'మేలైన' యతి కోసం వచ్చిన వ్యర్థపదం. 'మెటలు మెటిలు కలిసి మెలఁగె నాంగ్లమునందు' అంటే ఎలా ఉంటుంది?

తేటగీతి: 'కలిసి మెలఁగె' అదిరింది, అదే ఖాయం.

విరుపులరాయుడు:
కరుగు నినుము, పగులుఁ గంచు, రాగియు వంగు
తట్టుకొన్న మనసు ధాతు వగునె?
మెత్తనైన గుండె మేరువే, యిది చూడ
లోహమందె పుట్టె సాహసంబు

పద్యపిపాసి: మూడో పాదం చివర ఏదో తేడాగా ఉందే?

విరుపులరాయుడు: చూడు + అలోహమందె, అంటే లోహం కానిదానిలోనే. ఉత్వసంధి అండీ.

నిర్వాహకుడు: గడుసుతనమే! సమస్యను తలకిందులు చేశారు. ఇంగ్లీషువాడి మాటకు మాత్రం ఇది ఎదురు సాక్ష్యం, వాడు గుండెను లోహమనే అన్నాడు. పూరణగా నా మొగ్గు దీనివైపే, అర్థానికి న్యాయం చేసింది తేటగీతి గారు.