షవర్ నల్లా కట్టినా కారుతూనే ఉంది, తక్కువ ఖర్చులో ఎలా ఆపాలి?

ప్రశ్న:
వరంగల్‌లో అద్దెకుంటున్నాం, ఇల్లు పాతది. షవర్ నల్లా ఎంత గట్టిగా తిప్పినా నీళ్లు ఆగట్లేదు, రాత్రి కింద బకెట్ పెడితే తెల్లారేసరికి సగం దాటి నిండుతోంది. ప్లంబర్ చూసి గోడ పగలగొట్టి మొత్తం మార్చాలన్నాడు, ఓనర్ గారేమో మీరే చూసుకోండి అంటున్నారు. నెలాఖరు, చేతిలో మూడొందలే ఉన్నాయి. నేనే విప్పి చూడొచ్చా? గోడలో ఏదైనా విరుగుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
గోడ జోలికి అప్పుడే వెళ్లకండి. హ్యాండిల్ రెండు మూడు చుట్లు తిరుగుతుందా, పావు చుట్టుకే ఆగుతుందా? చుట్లు తిరిగేదైతే స్పిండిల్ (హ్యాండిల్‌తో పాటు తిరిగే లోపలి కడ్డీ) చివర రబ్బరు వాషర్ ఉంటుంది, ఏళ్ల తరబడి నలిగి నలిగి అది చీలిపోతే నీళ్లు ఆ సందులోంచి వస్తాయి. బలంగా బిగిస్తే ఇంకా నలుగుతుంది, ఇక గట్టిగా తిప్పకండి. వాషర్ పది ఇరవై రూపాయల్లో దొరుకుతుంది. పావు చుట్టు రకానికి మాత్రం లోపలి సిరామిక్ భాగం మొత్తం మార్చాలి.

జవాబు:
అన్న చెప్పింది కరెక్ట్. ముందు ట్యాంకు దగ్గర గేట్ వాల్వ్ కట్టేసి, గీజర్ ఉంటే స్విచ్ ఆపి, కింది నల్లా తిప్పి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వండి. జాలీ మీద గుడ్డ వేయడం మర్చిపోవద్దు, స్క్రూ అందులో పడితే ఇక దొరకదు. షవర్ నల్లా సగం తెరిచి ఉంచి హ్యాండిల్ తీసి, పానా పట్టే చోట గుడ్డ చుట్టి స్పిండిల్‌ను మెల్లగా విప్పండి. కదలకపోతే బోరు నీళ్ల ఉప్పు పట్టి ఉంటుంది, వెనిగర్‌లో తడిపిన గుడ్డ గంటసేపు చుట్టి ఉంచి మళ్లీ చూడండి, బలవంతం చేస్తే గోడలోని పైపే తిరుగుతుంది. నల్లా లోపల వాషర్ కూర్చునే అంచు వేలితో తడిమి చూడండి, గరుకుగా తగిలితే కొత్త వాషర్ కూడా ఎక్కువ రోజులు ఉండదు. షాపుకి పాత స్పిండిల్ తీసుకెళ్లండి, కొత్తది కొనాల్సి వస్తే హ్యాండిల్ ఎక్కే చివర ఉండే పళ్ల లెక్క తేడా ఉన్నా మీ హ్యాండిల్ దానికి ఎక్కదు.

ప్రశ్న అడిగినవారు:
చుట్లు తిరిగే రకమేనండి. వాషర్ రెండు ముక్కలైపోయి ఉంది! కొత్త వాషర్, టెఫ్లాన్ టేప్ కలిపి నలభై రూపాయలు అయింది, షవర్ కారడం పూర్తిగా ఆగింది. ఇద్దరికీ చాలా థాంక్స్. కానీ నల్లా తెరిచినప్పుడు హ్యాండిల్ మొదట్లో నీళ్లు ఊరుతున్నాయి, ఎందుకంటారు?

జవాబు:
అది గ్లాండ్ నట్ (స్పిండిల్ చుట్టూ నీళ్లు బయటికి రాకుండా ఆపే నట్) దగ్గర వదులు. హ్యాండిల్ తీసి ఆ నట్ కొంచెం బిగించి చూడండి. ఆగకపోతే నీళ్లు కట్టేసి నట్ విప్పి, మిగిలిన టెఫ్లాన్ టేప్‌ను దారంలా పేని స్పిండిల్ చుట్టూ నాలుగైదు చుట్లు వేసి మళ్లీ బిగించండి. మరీ బిగిస్తే హ్యాండిల్ తిరగదు, చూసుకోండి.