పని చూపడం, పింఛను కాగితాలు: రెండూ ఒకే చోట ఉండాలా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర):
మా తమ్ముడికి పోలియో కాలు. నిరుడు చంద్రపూర్‌లో ఒక గోదాములో లెక్కలు రాసే పని దొరికింది. చేరాలంటే వికలాంగుల కార్డు చూపించమన్నారు. దానికోసం గడ్చిరోలిలో ఒక ఆసుపత్రికి మూడుసార్లు తిరిగాం. ఒకసారి డాక్టరు లేరు, ఒకసారి ఆధార్‌లో పేరు తేడా ఉందన్నారు. ఇక్కడి నుంచి గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, పోయిన రోజే తిరిగి రాలేం. కార్డు చేతికొచ్చేసరికి ఆ పనిలో ఇంకొకరు చేరిపోయారు. పని చూపేవాళ్లు, కార్డు ఇచ్చేవాళ్లు, పింఛను చూసేవాళ్లు తలా ఒక చోట ఉంటే పేదవాడు ఎన్నిచోట్లకని తిరుగుతాడు? తాలూకాలోనే అన్నీ ఒకే గదిలో పెట్టాలి. మీరేమంటారు?

ఆలాపల్లి అక్క:
గది ఒక్కటైతే సరిపోదు తమ్ముడూ. 2014లో మొదలైన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజనలో 15 నుంచి 35 ఏళ్లవాళ్లకు, ఆడవాళ్లకైతే 45 దాకా, ఉచితంగా పని నేర్పుతారు. మా ఊరి ఆడపిల్లలు నేర్చుకుని పట్నంలో చేరారు కూడా. రెండో నెలకే కొందరు వెనక్కి వచ్చారు. పిల్లలను ఎవరు చూస్తారన్నదే వాళ్ల టెన్షన్. మిరప కోతకు తెలంగాణ పోతే పిల్లలను వెంట తీసుకెళ్లొచ్చు, అందుకని మళ్లీ అటే పోతున్నారు. చేరిన తర్వాత ఆరు నెలలైనా ఇంటి సంగతి కనుక్కుంటూ, తెలుగులో మాట్లాడే మనిషి ఒకరు కావాలి.

గోదావరి గట్టు:
నాకు మాత్రం భయంగా ఉంది. మా వదినకు సంజయ్ గాంధీ నిరాధార్ పింఛను వస్తుంది, అదే ఆధారం లేనివాళ్లకు మహారాష్ట్ర సర్కారు ఇచ్చేది. కుటుంబ ఆదాయం ఏడాదికి 21,000 దాటితే అది రాదు. నెలకు 2,000 వచ్చే పనిలో చేరినా ఏడాదికి 24,000, గీత దాటినట్టే! కచేరీలన్నీ ఒకటైతే పనిలో పేరు ఎక్కిన రోజే పింఛను ఆగుతుంది. పని రెండు నెలలకే పోతే? మళ్లీ మొదటి నుంచి కాగితాలు. అందుకే ఆమె ఏ పనికీ పేరు ఇవ్వదు. ఆమెది సోమరితనం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆలాపల్లి అక్క:
ఇది నిజం. ముందు దీన్ని సరిచేయకుండా కచేరీలు కలిపితే నష్టపోయేది ఒంటరి ఆడవాళ్లే.

ప్రాణహిత ఒడ్డు:
ఈ సంగతి నాకు తట్టలేదన్నా. అయినా ఒకే గది కావాలన్న మాట వదలను, మా తమ్ముడు తిరిగిన తిరుగుడు చూశాను కదా. పనిలో చేరాక కనీసం ఏడాది పింఛను ఆపకూడదని కూడా అడుగుదాం. సోమవారం తహశీల్ కచేరీలో ఇచ్చే అర్జీలో ఈ 21,000 లెక్కే మొదట రాస్తాను. వదిన కూడా వస్తే బాగుంటుంది, అడిగి చూడండి.