ఛోటా షిగ్రీ మీదకు ఏ పరికరాలు మోసుకెళ్లాలి?

నీటిలెక్క:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో హైడ్రాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. సెప్టెంబరు ఆఖర్లో మా బృందంతో హిమాచల్‌లోని ఛోటా షిగ్రీ హిమానీనదం మీదకు వెళ్తున్నాం. ఇప్పటిదాకా నా పనంతా ఉపగ్రహ చిత్రాలతోనే, మంచులో గోతి తవ్వే పని నాకిదే కొత్త. నాకు కావలసినవి రెండు. 5,000 మీటర్ల పైన పేరుకున్న స్నోలో నీరెంతుందో తేల్చాలి. కింద వాగులో పారేదాంట్లో ఈ ఏటి స్నో ఎంత, పాత ఐస్ ఎంత కరిగి వస్తోందో విడదీయాలి. సాంద్రతకు ఒక డిజిటల్ సాధనం, కండక్టివిటీ మీటరు (నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి లవణాల జాడ చెప్పేది), పీహెచ్ మీటరు, ఐసోటోపులకు (నీటిలోని బరువైన, తేలికైన అణువుల పాళ్లు చూడటానికి) సీసాలు రాసుకున్నాను. ఐసోటోపులు కొలిచే లేజర్ యంత్రాన్ని బేస్ క్యాంపులోనే పెట్టొచ్చని మా వాళ్లలో ఒకరు పట్టుబడుతున్నారు. పైకి ఎక్కేటప్పుడు బరువంతా మా వీపుల మీదే. ఏది తీసేయాలి, ఏది తప్పదు?

పారపట్టినోడు:
సాంద్రతకు డిజిటల్ సాధనం అక్కర్లేదండీ. మంచి పార, మంచు రంపం, 100 సీసీ స్టీలు గొట్టం, 100 గ్రాముల స్ప్రింగ్ త్రాసు, మడత స్కేలు, రెండు థర్మామీటర్లు చాలు. గొట్టాన్ని గోతి గోడలోకి అడ్డంగా నెట్టి బయటికి తీసి, రెండు చివర్లూ పలుచటి రేకుతో సమంగా కోసి తూయాలి. లోపలి స్నో 38 గ్రాములు తూగితే ఘనమీటరుకు 380 కిలోలు, అంతే లెక్క. 2 మీటర్ల లోతుకు సగటు 400 వచ్చిందనుకోండి, 800 మిల్లీమీటర్ల నీరున్నట్టు. త్రాసు మాత్రం 100 గ్రాములదే కొనండి. కిలో త్రాసు మీద 5 గ్రాముల తేడా కంటికి ఆనదు, 38లో 5 అంటే 13 శాతం.

ఎండ తగలని గోడనే కొలవండి, అదీ తవ్విన వెంటనే, ముందు ఉష్ణోగ్రత, తర్వాత సాంద్రత, ఎందుకంటే గాలి సోకిన క్షణం నుంచి ఆ గోడ మారిపోతూనే ఉంటుంది. థర్మామీటర్లు రెండింటినీ నీళ్లు కలిపిన మంచులో ముంచి సున్నా చూపిస్తున్నాయో లేదో అక్కడే సరిచూసుకోండి.

అసలు కష్టం సాంద్రత కాదు, అడుగు ఎక్కడో తేల్చడం. ఈ ఏటి స్నో కింద పోయిన వేసవి నాటి ఉపరితలం ఉంటుంది, దుమ్ము పట్టి కాస్త నల్లగా, పార తగిలితే గట్టిగా. మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐస్ పొరలు కూడా అచ్చం అంతే గట్టిగా తగులుతాయి కాబట్టి గట్టిదనాన్ని నమ్మకండి, దుమ్ము గీత గోడ పొడవునా సాగిందా లేదా చూడండి. అడుగు తప్పుపడితే ఎంత జాగ్రత్తగా తూచినా ఏడాది లెక్క మొత్తం తప్పే. ఆ ఐస్ పొరల్లోకి గొట్టం దిగదు, రంపంతో చిన్న దిమ్మె కోసి కొలతలు తీసుకుని తూయండి. ఇంకా లోతుకు పోవాలంటే చేత్తో తిప్పే కోరింగ్ డ్రిల్లు కావాలి, అది బృందానికి ఒకటి చాలు.

కింద ఐస్ బయటపడిన భాగంలో ఈ తూకాలేవీ వద్దు, సాంద్రత 900గా తీసుకుంటారు. అక్కడ ఆవిరి డ్రిల్లుతో లోతుగా రంధ్రాలు చేసి వెదురు కర్రలు దించుతారు, కర్ర ఎంత బయటపడితే అంత ఐస్ కరిగినట్టు. 2002 నుంచి ఆ హిమానీనదం మీద ఏటేటా మంచు చేరిక, కరుగుల లెక్క నడుస్తోంది కాబట్టి పాత కర్రల స్థానాలు ముందే అడిగి తీసుకోండి.

వాగుగట్టు:
కండక్టివిటీ మీటరు వదలొద్దు. తాజా స్నో కరిగిన నీటిలో లవణాలు దాదాపు ఉండవు, మీటరు కొద్ది మైక్రోసీమెన్స్ చూపిస్తుంది. హిమానీనదం అడుగున రాతిపొడిని రాసుకుంటూ వచ్చిన నీరు దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. 0.1 దాకా చదివే మీటరు, దాన్ని సరిచూసుకోవడానికి 84 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణం పట్టుకెళ్లండి. 0 డిగ్రీల నీటిలో వచ్చే రీడింగు 25 డిగ్రీల దగ్గర వచ్చేదాంట్లో సుమారు సగమే. మీటరు దానంతటదే 25 డిగ్రీలకు సరిచేసి చూపిస్తుంది గానీ, సున్నాకు దగ్గర్లో ఆ సవరణ అంత నమ్మదగ్గది కాదు. అందుకే సవరణ లేని అంకె, నీటి ఉష్ణోగ్రత రెండూ నోట్‌బుక్‌లో రాయండి.

పీహెచ్ మీటరు ఇంట్లో పెట్టేయండి. లవణాలు లేని నీటిలో గాజు ఎలక్ట్రోడు నిమిషాల తరబడి కుదురుకోదు, ఈలోగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి నీరే మారిపోతుంది. పైగా రాత్రి గడ్డకడితే ఎలక్ట్రోడు పగులుతుంది. బ్యాటరీలు ఆల్కలైన్ కాకుండా లిథియంవి తీసుకుని, మీటరును చొక్కా లోపలి జేబులో ఉంచుకోండి.

మూతబిగి:
లేజర్ యంత్రం మాట మర్చిపోండి. అది పదుల కిలోల బరువు, వాక్యూమ్ పంపు, నిలకడైన కరెంటు అడుగుతుంది. 30 మిల్లీలీటర్ల గట్టి ప్లాస్టిక్ సీసాలు చాలు, అంచుదాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించి, చుట్టూ టేపు వేయండి. స్నోను జిప్ కవర్లో వేసి గాలంతా నొక్కి తీసేసి డేరాలో నెమ్మదిగా కరగనివ్వండి, తొందరపడి స్టవ్ మీద మాత్రం పెట్టొద్దు. ఆవిరైతే తేలిక అణువులే ముందు పోతాయి, మిగిలిన నీరు అసలుకన్నా బరువైనదిగా తేలుతుంది. తడి సీసా మీద మార్కర్ రాత చెరిగిపోతుంది, గుడ్డ టేపు అంటించి పెన్సిలుతో రాయండి.

ఇంకో మాట. వాగు నీరొక్కటే పడితే విడదీయలేరు. వేర్వేరు ఎత్తుల్లో స్నో, శుభ్రమైన ఐస్, వాన పడితే వాన నీరు, అన్నీ పట్టాలి. ఐస్ కూడా ఒకప్పటి స్నోనే కదా, రెండింటి ఐసోటోపు విలువలూ దాదాపు ఒకేలా రావొచ్చు. పైన చెప్పిన కండక్టివిటీ అక్కడే ఆదుకుంటుంది. వాగు శాంపిల్ తెల్లవారి ఒకటి, మధ్యాహ్నం కరుగు ఎక్కువున్నప్పుడు ఒకటి తీయండి.

నీటిలెక్క:
చాలా థాంక్సండీ, పీహెచ్ మీటరు, లేజర్ రెండూ జాబితాలోంచి పోయాయి. ఒక్క సందేహం. స్నో తడిగా ఉంటే తూకంలో ఆ నీరూ కలుస్తుంది కదా, దాన్ని విడిగా కొలవాలా?

పారపట్టినోడు:
మీ నీటి లెక్కకు అక్కర్లేదు, ఆ నీరూ లెక్కలోదే. కారిపోకముందే, పొద్దున్నే తూయండి. తడి ఎంతో రాసుకోవడానికి గ్లౌజుతో పిడికిట్లో నొక్కి చూడటం చాలు. ఉండ కట్టకుండా రాలిపోతే పొడి, ఉండ కడితే 3 శాతం లోపు, భూతద్దంలో నీరు కనిపించినా నొక్కితే కారకపోతే 3 నుంచి 8, నొక్కగానే కారితే 8 దాటినట్టు. అయితే మీది ఉపగ్రహాల పని అన్నారు కాబట్టి చెబుతున్నా, సెంటినెల్-1 రాడార్ డేటాతో పోల్చాలనుకుంటే మాత్రం తడి కొలిచే సెన్సర్ ఒకటి అప్పు తెచ్చుకోండి, కొద్దిపాటి తడికే రాడార్ సంకేతం బాగా పడిపోతుంది. ఆ ఉపగ్రహం పొద్దునో సాయంత్రమో 6 గంటల ప్రాంతంలో దాటుతుంది, మీ కొలత కూడా ఆ వేళకే పెట్టుకోండి.