రూమ్మేట్‌కి హెచ్ఐవీ ఉందట, ఒకే గదిలో ఉంటే భయపడాలా?

గదిమిత్రుడు:
తనకి హెచ్ఐవీ ఉందని మా రూమ్మేట్ నిన్న రాత్రి తనే చెప్పాడు. రోజూ మాత్ర వేసుకుంటున్నాడట. దాచకుండా చెప్పాడని గౌరవం పెరిగింది, కానీ టెన్షన్ కూడా పట్టుకుంది. ఒకే బాత్రూమ్, అవే గ్లాసులు, ఒక్కోసారి వాడి టవలే వాడేస్తుంటాను. దోమలు కూడా ఎక్కువే. డాక్టర్ని ఎలాగూ అడుగుతాను, ముందు అనుభవం ఉన్నవాళ్ళ మాట వినాలనుంది.

ల్యాబ్‌కోటు:
వీటిలో దేనితోనూ రాదండి. ఈ వైరస్ సోకించేంతగా ఉండేది రక్తం, వీర్యం, యోని ద్రవాలు, మలద్వారంలోని ద్రవాలు, తల్లిపాలలో. అవి ఇంకొకరి రక్తంలోకో, లోపలి సున్నితమైన పొరల్లోకో చేరితేనే అంటుకుంటుంది. అందుకే దారులు కొన్నే: రక్షణ లేని సెక్స్, ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడటం, పరీక్ష చేయని రక్తం ఎక్కించడం, తల్లి నుంచి బిడ్డకి. చెమట, కన్నీళ్ళు, ఉమ్ము ఆ లెక్కలోకి రావు.

దోమ సంగతి అందరూ అడుగుతారు. దోమ కుట్టినప్పుడు మన ఒంట్లోకి వదిలేది దాని లాలాజలం, అంతకుముందు తాగిన రక్తం కాదు. పైగా ఈ వైరస్ దోమలో పెరగదు, ఆ రక్తంతో పాటే అరిగిపోతుంది. దోమలతోనే వచ్చేదైతే ఇంట్లో ఒకరికి ఉంటే పసిపిల్లలతో సహా అందరికీ ఉండాలి కదా.

రేజర్, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్ళవే. అది ఎవరితో ఉన్నా పాటించాల్సిందే, ముఖ్యంగా హెపటైటిస్ బి, సి ల వల్ల.

మాత్రలమనిషి:
నేను చాలా ఏళ్ళుగా పాజిటివ్. మీ ఫ్రెండ్ వైపు నుంచి ఒక మాట. మీతో చెప్పడానికి ముందు మనసులో ఎన్నిసార్లు అనుకుని ఉంటాడో నేను ఊహించగలను. వాడు చెప్పిన మర్నాడు మీరు గ్లాసు మారిస్తే వాడు గమనిస్తాడు. ఏమీ అనడు, కానీ గమనిస్తాడు.

ఇంకో సంగతి. హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులు, అంటే ఏఆర్‌టీ, సరిగ్గా వాడితే, చాలామందికి ఆరు నెలల్లోపే రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంతగా తగ్గుతుంది. ఆ స్థాయిలో నిలబడితే సెక్స్ ద్వారా కూడా ఎదుటివారికి సోకదు. ఒకరు పాజిటివ్, ఒకరు నెగటివ్‌గా ఉన్న జంటలపై ‘పార్ట్‌నర్’ అనే పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2016లో, 2019లో వచ్చాయి. కండోమ్ లేకుండా వేల సార్లు కలిసినా, మందులతో వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ కనబడలేదు. మందు మానేస్తే మాత్రం వైరస్ మళ్ళీ లేస్తుంది. తన స్థితి తెలిసి మందు వేసుకునే మీ రూమ్మేట్ కంటే, ఎప్పుడూ టెస్ట్ చేయించుకోకుండా ‘నాకేం లేదు’ అని తిరిగే మనిషి దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి.

సందేహాలపుట్ట:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు కండోమ్ చిరిగింది, అవతలి మనిషి గురించి ఏమీ తెలీదు. రెండు రోజులవుతోంది. ఇవాళ టెస్ట్ చేయిస్తే నెగటివ్ వచ్చింది. ఇక ఊపిరి పీల్చుకోవచ్చా?

నైట్‌డ్యూటీ:
ఆగండి. 72 గంటలు దాటాయా, లేదా? దాటకపోతే ఇది చదవడం ఆపి ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి, రేపు కాదు. ‘పెప్ కావాలి’ అని అడగండి. వైరస్ ఒంట్లో పాతుకోకుండా అడ్డుకునే మందులవి. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటాక ఇవ్వరు. కోర్సు 28 రోజులు. ముందు రక్త పరీక్షలు చేస్తారు, కానీ వాటి ఫలితం కోసం మొదటి డోసు ఆపక్కర్లేదు. సిగ్గు తర్వాత పడొచ్చు.

నేను నర్సుని. డ్యూటీలో సూది గుచ్చుకుని నేనూ ఈ కోర్సు వాడాను. పక్కనున్నవాళ్ళు ‘ఏం కాదులే’ అన్నారు. నిజానికి పాజిటివ్ రక్తమున్న సూది గుచ్చుకున్నా సోకే అవకాశం సుమారు వెయ్యిలో మూడు, అంతకన్నా తక్కువే అనుకోవచ్చు. అయినా ఆ మూడులో నేనుండకూడదని ఆ రాత్రే మొదలుపెట్టాను. గుచ్చుకున్న చోట సబ్బు, నీళ్ళతో కడగాలి. పిండకూడదు, బ్లీచ్ లాంటివి పోయకూడదు. కడుపులో కొంచెం తిప్పింది తప్ప పెద్ద ఇబ్బంది లేదు.

ల్యాబ్‌కోటు:
సందేహాలపుట్ట గారూ, మీ నెగటివ్ రిపోర్టు మొన్నటి సంగతి చెప్పదు, అంతకుముందు లేదని మాత్రమే చెబుతుంది. వైరస్ చేరినా పరీక్షకి చిక్కడానికి సమయం పడుతుంది, దాన్నే విండో పీరియడ్ అంటాం. వైరస్‌నే నేరుగా వెతికే న్యాట్ పరీక్షకి 10 నుంచి 33 రోజులు, నరం నుంచి రక్తం తీసి, వైరస్ భాగాన్నీ (యాంటిజెన్), దానిపై ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలనీ కలిపి చూసే పరీక్షకి 18 నుంచి 45 రోజులు, యాంటీబాడీలు మాత్రమే చూసే పరీక్షకి 23 నుంచి 90 రోజులు. చాలా ర్యాపిడ్ కిట్లు ఈ చివరి రకమే. లక్షణాలు చూసి తేల్చుకుందామని కూర్చోకండి. కొందరికి రెండు నుంచి నాలుగు వారాల్లో ఫ్లూలా జ్వరం వస్తుంది, కొందరికి ఏమీ ఉండదు. విచిత్రమేంటంటే ఆ మొదటి వారాల్లోనే రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, ఇతరులకి సోకే అవకాశమూ అప్పుడే ఎక్కువ.

పాతకాలం:
ఇన్ని మందులు, ఇన్ని పరీక్షలు ఎందుకండీ? మనిషి బుద్ధిగా ఉంటే రాదు కదా.

ఇద్దరుపిల్లలఅమ్మ:
నేను బుద్ధిగానే ఉన్నానండి. పెళ్ళికి ముందు ఎవరూ లేరు, తర్వాతా లేరు. కడుపుతో ఉన్నప్పుడు చేసిన మామూలు రక్తపరీక్షలో బయటపడింది. మా ఆయనకి తనకుందని అప్పటిదాకా తెలీదు. మీలాంటి మాట మా ఇంట్లోనూ వినబడింది, నన్నే అన్నారు.

ఆ కోపం నాకు ఇంకా పోలేదు, అది వేరే కథ. ఇక్కడ గర్భిణులుంటే వాళ్ళకి చెబుతున్నాను. వైద్యం లేకుండా వదిలేస్తే తల్లి నుంచి బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందులు వాడితే 5 శాతం లోపుకి పడిపోతుంది. నాకు వెంటనే ఏఆర్‌టీ మొదలుపెట్టారు, పుట్టగానే పాపకి సిరప్ వేశారు. భయంకరమైనది ఎదురుచూపు. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా ఉండొచ్చు కాబట్టి మామూలు పరీక్షలో పాజిటివ్ వచ్చినా బిడ్డకి ఉన్నట్టు కాదు. మాకు ఎవరో అలా చేయించి గుండె ఆగేంత పని చేశారు. పసిపిల్లలకి వైరస్‌ని నేరుగా చూసే పరీక్షే చేయాలి. మా పాపకి లేదు. తర్వాత పుట్టిన బాబుకీ లేదు.

పాతకాలం:
క్షమించమ్మా. ఆ కోణంలో ఆలోచించలేదు.

మాత్రలమనిషి:
రిస్క్ ఉందనుకునేవాళ్ళకి ముందే వాడే మందులూ ఉన్నాయి, ప్రెప్ అంటారు. మాత్రకి అమెరికాలో 2012లోనే అనుమతి వచ్చింది. ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకపవిర్ ఇంజెక్షన్‌కి 2025లో వచ్చింది. సిఫిలిస్, గనేరియా లాంటివి ప్రెప్ ఆపలేదు, వాటికి కండోమ్ ఉండాల్సిందే. చిరగడం సంగతి వచ్చింది కాబట్టి: లేటెక్స్ కండోమ్‌తో నూనె, వాసెలిన్ వాడితే రబ్బరు బలహీనపడుతుంది. నీటి ఆధారిత జెల్ వాడాలి. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పరు!

గదిమిత్రుడు:
అందరికీ థ్యాంక్స్. గది మారను. రూమ్మేట్‌కి ఈ చర్చ చూపించాను, ‘దోమల పాయింట్ నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు’ అని నవ్వాడు.

సందేహాలపుట్ట:
వెళ్ళాను. 72 గంటలు కాకముందే మొదటి డోసు పడింది. డ్యూటీ డాక్టర్ కాసేపు వింతగా చూశారు కానీ ఇచ్చారు. ఇప్పుడు కడుపులో తిప్పుతోంది. ఆపేస్తే?

నైట్‌డ్యూటీ:
ఆపకండి. మీకు ఇచ్చినవి తిన్నాక వేసుకోవచ్చేమో ఫార్మసిస్ట్‌ని అడగండి, రోజూ ఒకే టైముకి అలారం పెట్టుకోండి. వేసుకున్న కాసేపటికే వాంతి అయితే ఆసుపత్రికి ఫోన్ చేయండి. కోర్సు అయ్యాక నాలుగు నుంచి ఆరు వారాల పరీక్ష, మళ్ళీ మూడు నెలల పరీక్ష ఉంటాయి, అవి సంఘటన జరిగిన రోజు నుంచి లెక్క. చివరి రిపోర్టు వచ్చేదాకా కండోమ్ వాడండి, రక్తదానం చేయకండి.