రాజుల గ్రంథాలు యూత్‌కి ఎట్ల చెప్పాలె? (నాలుగు వారాల బైబిల్ స్టడీ)

హాలియా యూత్:
అందరికీ వందనాలు. మా సంఘంలో యూత్‌కి నాలుగు ఆదివారాలు స్టడీ తీసుకొమ్మన్నరు, వారానికి 40 నిమిషాలు. ఇంటర్, డిగ్రీ పిల్లలే ఎక్కువ. "విశ్వాసం, నాయకత్వం, దేశాల గతి" అని అంశం ఇచ్చిండ్రు. రాజు మంచోడైతే దేశం బాగుపడ్డది, చెడ్డోడైతే నాశనమైంది అనే లైన్ మీద నడిపిస్తే సరిపోతదా? ఏ రాజులను తీసుకోవాలె, ఏ అధ్యాయాలు చదివించాలె?

పాలమూరు పాఠకుడు:
ఆ లైన్ యూదా రాజు యోషీయా దగ్గరికి రాంగనే తెగిపోతది తమ్ముడూ. అంతటి రాజు ముందూ లేడు, తర్వాతా లేడని 2 రాజులు 23:25 చెప్తది. ఎనిమిదేండ్లకు గద్దెనెక్కి 31 ఏండ్లు ఏలిండు. క్రీ.పూ. 609లో మెగిద్దో దగ్గర ఐగుప్తు రాజు నెకో చేతిలో సచ్చిపోయిండు, అప్పటికి 39 ఏండ్లే. ఇంకో 23 ఏండ్లకు యెరూషలేము కాలిపోయింది. యోషీయా తాత మనష్షే పారించిన నిరపరాధుల రక్తం ఇంకా లెక్కలోనే ఉందని 24:4 అంటది.

మొదటి వారం ద్వితీయోపదేశకాండము 17:14-20తో మొదలుపెట్టు. గుర్రాలు, భార్యలు, వెండి బంగారాలు పోగేసుకోవద్దు, ధర్మశాస్త్రం నకలు రాసుకొని చదువుకోవాలె, సహోదరుల మీద గర్వపడొద్దు. ఈ షరతులు ఒక కాగితం మీద రాసిచ్చి 1 రాజులు 10:26 నుంచి 11:3 దాకా చదివించు. సొలొమోనుకు 1,400 రథాలు, 700 మంది భార్యలు, 300 మంది ఉపపత్నులు. గుర్రాలు ఐగుప్తు నుంచే తెప్పించిండు, ధర్మశాస్త్రం వద్దన్నది సరిగ్గా దాన్నే. టిక్కులు పిల్లలే పెట్టుకుంటరు.

అదే ఊపులో 12వ అధ్యాయం, సొలొమోను కొడుకు రెహబాము. జనం అడిగింది కాడి బరువు తగ్గించమని. ఆ బరువు ఏందో 5:13-14లో ఉంది: 30,000 మందిని పట్టి, నెలకు పదివేల చొప్పున లెబానోనుకు తోలిండ్రు. వెట్టి అంటే ఏందో నల్లగొండ జిల్లాలో విడమరిచి చెప్పే పనిలేదు.

దేవరకొండ టీచర్:
పై జవాబు బాగుంది. రెండో వారం మొత్తం యూదా రాజు హిజ్కియాకే ఇవ్వండి, క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు చేసిన ముట్టడి. ఒక జాగ్రత్త: యెషయా 36-37లోనూ ఇదే కథ ఉంది కానీ అక్కడి నుంచి చదివిస్తే కప్పం సంగతి జారిపోతుంది. అది 2 రాజులు 18:14-16లోనే ఉంది. హిజ్కియా "తప్పయిపోయింది" అని కబురు పెట్టి, నేటి లెక్కలో సుమారు పది టన్నుల వెండి, ఒక టన్ను బంగారం అష్షూరుకు కట్టాడు. మందిరపు తలుపుల బంగారం కూడా ఊడదీశాడు. అయినా సైన్యం వచ్చింది. ఇది వదిలేస్తే హిజ్కియా మొదటి నుంచీ ధైర్యంగా నిలబడ్డాడనే అబద్ధం మిగులుతుంది.

తర్వాత నీళ్లు. 2 దినవృత్తాంతములు 32:3-4లో ఊరి బయటి ఊటలు పూడ్పించాడు, 32:30లో నీటిని పట్టణంలోకి మళ్లించాడు. హిజ్కియా సొరంగం అని పిలిచేది ఇదే, పొడవు సుమారు 533 మీటర్లు. మన ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం లాగే రెండు కొసల నుంచీ తవ్వుకుంటూ వచ్చారు. అటువైపు వాళ్ల గొంతు ఇటు వినిపించిందని, చివరికి గునపం గునపానికి ఎదురుపడిందని 1880లో దొరికిన సిలోయము శాసనం చెబుతుంది. పిల్లలు ఇక్కడ కచ్చితంగా అడుగుతారు: దేవుణ్ని నమ్మినవాడికి సొరంగం ఎందుకని. యెషయా 22:9-11 తీయండి. ప్రాకారం కోసం ఇళ్లు పడగొట్టారు, నీళ్లు నిలవ చేశారు, ప్రవక్త తప్పుపట్టింది మాత్రం వాటిని చేయించిన దేవుని వైపు చూడకపోవడాన్ని.

ఆఖర్న 2 రాజులు 20:12-19 వదలొద్దు. బబులోను దూతలకు ఖజానా అంతా చూపించాడు. నీ కొడుకులను తీసుకుపోతారని యెషయా అంటే, నా కాలంలో సమాధానం ఉంటే చాలన్నాడు. నాయకుడి లోపాల్లో నా దృష్టికి ఇదే పెద్దది, ప్రసంగాల్లో వినపడేది తక్కువ.

హాలియా యూత్:
చాలా థాంక్స్ అన్నా. ఇంకో డౌట్. విశ్వాసం వల్ల యెరూషలేము తప్పించుకుంటే, యూదాలోనే ఉన్న లాకీషు పట్టణం అష్షూరు చేతిలో ఎందుకు పడ్డది? వాళ్లకు విశ్వాసం లేదనుకోవాల్నా? నా జనులు తగ్గించుకొని ప్రార్థిస్తే వాళ్ల దేశాన్ని స్వస్థపరుస్తానన్న 2 దినవృత్తాంతములు 7:14 మన దేశానికి ఎట్ల వర్తింపజెయ్యాలె?

దేవరకొండ టీచర్:
అనుకోవద్దు, వాక్యం ఆ మాట అనలేదు. ప్రాకారాలున్న 46 పట్టణాలు పట్టుకున్నానని, హిజ్కియాను పంజరంలో పిట్టలా బంధించానని సన్హెరీబు తన శాసనంలో రాయించుకున్నాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం ఎక్కడా లేదు. రెండూ పక్కపక్కన పెట్టి అక్కడ ఆపండి. లాకీషు వాళ్ల మీద లేని పాపం మోపితే, ఆ గదిలో ఎవరింట్లోనన్నా ప్రార్థన చేసినా బతకని మనిషి ఉంటే, ఆ మాట వాళ్లకు తగులుతుంది.

నకిరేకల్ స్టడీ గ్రూప్:
7:14 సొలొమోను మందిర ప్రతిష్ఠ దగ్గర ఇశ్రాయేలుకు ఇచ్చిన మాట, 13, 15 వచనాలు కలిపి చదివితే తెలుస్తది. అన్ని దేశాల సంగతి కావాలంటే యిర్మీయా 18:7-10, ఆమోసు 1, 2 అధ్యాయాలు తీసుకోండి. ఆమోసులో చుట్టుపక్కల దేశాల మీద విగ్రహారాధన కేసు లేనే లేదు. గాజా జనాన్ని చెరపట్టి అమ్మింది, అమ్మోనీయులు గర్భిణుల కడుపులు చీల్చిండ్రు. మోయాబు కేసు చిత్రం: ఎదోము రాజు ఎముకలు కాల్చినందుకు తీర్పు, అందులో ఇశ్రాయేలుకు జరిగిన నష్టమే లేదు. 2:6కు వచ్చేసరికి ఇశ్రాయేలు వంతు, బీదోణ్ని చెప్పుల జతకు అమ్మినందుకు. మూడో వారం దీనికే పెట్టండి, నాలుగోది యోషీయాకు, అతని కొడుకు యెహోయాకీముకు. కూలి ఇయ్యకుండ మేడ కట్టుకున్నోడని యిర్మీయా 22:13-17 కొడుకును తండ్రితో పోలుస్తది.

ఇగ టైము. 2 రాజులు 18, 19 చెరి 37 వచనాలు. మొత్తం చదివిస్తే చర్చకు సగం టైము కూడ మిగలదు. 18:13-37, 19:1-7, 14-19, 32-37 చాలు, అష్షూరు రాజు పంపిన అధికారి రబ్షాకే మాటలు ఒక్కరితోనే గట్టిగ చదివించండి. బోర్డు మీద 722 (ఉత్తర ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను పడ్డది), 701 (సన్హెరీబు ముట్టడి), 586 (యెరూషలేము కాలింది) మూడే తేదీలు రాయండి. హిజ్కియా ఏలుబడి ఏండ్లు 18:10కీ, 18:13కీ కుదర్చబోతే ఆ పూట అండ్లనే పోతది. సర్పంచ్ ఎలక్షన్లు దగ్గర్లో ఉంటే, ఫలానా లీడరే మన రెహబాము అని ఎవరన్నా మొదలుపెట్టకముందే ద్వితీయోపదేశకాండం కాగితం మళ్ల చేతికియ్యండి.