తుఫాను రోజుల్లో ఇంట్లో మనిషి పోతే ఏం చెయ్యాలి?

ఉద్దానం కుర్రాడు:
మాది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు, సముద్రానికి దగ్గరి ఊరు. మా నానమ్మ మంచం పట్టింది. ఇంక ఇంట్లోనే చూసుకోమన్నారు డాక్టరుగారు. అక్టోబరు దగ్గరపడుతుంటే టెన్షన్‌గా ఉంది. 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు పడిపోయి మాకు ఎటూ దారి లేదు. అలాంటప్పుడు నానమ్మ పోతే ఐస్ బాక్స్ రాదు, బండి రాదు. శవం ఉంచితే ఊరికి రోగాలొస్తాయి, గంటలో తీసేయాలంటాడు మా చిన్నాన్న. మాలో దహనమే ఆనవాయితీ. తెలిసిన పెద్దలు చెప్పండి. అపశకునం అని తిట్టేవాళ్లు దయచేసి వేరే పోస్టు చూసుకోండి.

రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్, టెక్కలి:
బాబూ, ముందే అడిగావు, మంచి పని చేశావు. ముసలితనంతోనో, గుండె ఆగో పోయిన మనిషి వల్ల ఊరికి రోగం రాదని మీ చిన్నాన్నగారికి చెప్పు. తుఫానులో జనం చచ్చేది మీద చెట్టు పడి, గోడ కూలి, నీళ్లలో మునిగి. వాళ్ల ఒంట్లో అంటురోగం ఎక్కడుంటుంది? కలరాలాంటి విరేచనాలతో పోతే మాత్రం జాగ్రత్త పడాలి. క్షయ ఉన్నవాళ్లైతే శవాన్ని కదిపేటప్పుడు నోటి మీద గుడ్డ కప్పండి, లోపలి గాలి బయటికి తన్నుతుంది. స్నానం చేయించేవాళ్లు చేతులకు గ్లవ్స్ వేసుకుని, తరవాత సబ్బుతో కడుక్కుంటే చాలు. గ్లవ్స్ దొరక్కపోతే పాలిథిన్ కవర్లు కట్టుకోండి.

కాబట్టి గంటలో తీసేయక్కర్లేదు. అలాగని రోజుల తరబడి ఉంచలేం. మన వేడికి 12 నుంచి 48 గంటల్లో ముఖం గుర్తుపట్టలేనట్టు అయిపోతుంది. చల్లటి గదిలో నేల మీద పడుకోబెట్టి, కింద పాలిథిన్ షీటు పరవండి. ఐస్ ముక్కలు ఒంటి మీద పోయకండి. కరిగిన నీళ్లు ఇల్లంతా పారతాయి, అది వేరే కంపు. ఐసుని కవర్లలో గట్టిగా కట్టి శవం పక్కన పెట్టండి.

ఇక దహనం సంగతి. చెట్లు ఊరంతా పడే ఉంటాయి, కానీ పచ్చికర్ర, అందులోనూ తడిసింది, కాలదు. ఎండుకట్టె దాచుకున్నవాళ్లుంటే సరే. లేకపోతే సగం కాలిన శవాన్ని చూసే కంటే పాతిపెట్టడం ఎంతో నయం. కర్మ తరవాత మీ పెద్దలు, పురోహితుడు చూసుకుంటారు.

సోంపేట పిల్ల:
మాస్టారూ, మావైపు రెండు మూడు అడుగులు తవ్వితేనే నీరు ఊరుతుంది. అక్కడెలా పాతిపెడతారు?

రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్, టెక్కలి:
అమ్మా, నీరొచ్చే చోట అసలు పెట్టకూడదు. పల్లం వదిలి ఇసుకదిబ్బ మీదికి వెళ్లాలి. గొయ్యి అయిదడుగులైనా ఉండాలి, దాని అడుగుకీ నీటిమట్టానికీ మధ్య ఇంకో అయిదడుగులు పొడి నేల ఉండాలి. తాగే నూతికి 200 మీటర్లు దూరం. ఇసుకలో గోడలు జారిపోతాయి కనక పైన వెడల్పుగా తీసుకుంటూ దిగండి, గోతిలో ఒక్కణ్ణీ వదిలేయకండి. సున్నం బస్తాలు పోస్తే రోగాలు రావంటారు గానీ దానివల్ల పెద్దగా ఉపయోగం లేదు.

పంచాయతీలో పనిచేసినవాణ్ణి:
సూపర్‌వైజర్ గారు చెప్పనిది ఒకటుంది. చెట్టు పడో, కరెంటు తగిలో, పాము కరిచో పోతే పోలీసులకు చెప్పకుండా ఖననం, దహనం రెండూ చెయ్యొద్దు. పంచనామా, పోస్టుమార్టం కాగితాలు లేక తరవాత నష్టపరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు నాకు తెలుసు. ఫోన్లు పనిచెయ్యకపోతే మనిషిని స్టేషనుకు పంపండి. ఇంట్లో మామూలుగా పోతే తేదీ, సమయం కాగితం మీద రాసి, చూసినవాళ్ల సంతకాలు తీసుకుని గ్రామ సచివాలయంలో ఇవ్వండి. 21 రోజుల్లోపు నమోదైతే ఫీజు ఉండదు.

ఉద్దానం కుర్రాడు:
అందరికీ దండాలు. మా ఊరి దిబ్బ పంచాయతీది, అక్కడ పాతిపెట్టడానికి ముందుగా ఎవరినైనా అడగాలా?

పంచాయతీలో పనిచేసినవాణ్ణి:
అది శ్మశానంగా రాసి ఉందో లేదో ఇప్పుడే వీఆర్వోని అడుగు. వాన మొదలయ్యాక ఆయన కూడా దొరకడు.